వద్దన్న తర్వాత మిగిలే పని

దూది మీద స్పిరిట్ వేసి ఎవరి చెయ్యైనా తుడిస్తే వచ్చే ఆ చల్లటి వాసనకి చాలామందికి ఆస్పత్రి గుర్తొస్తుంది. నాకు భ్రమరాంబ గారు గుర్తొస్తారు. రాజమండ్రిలో మెయిన్ రోడ్డు వెనక సందులో, ఒక మేడ మెట్ల పక్కనున్న చిన్న గదిలో ఆవిడ టాటూలు వేసేవారు. ఆవిడ పోయాక ఆ షాపు నేను నడుపుతున్నాను. ఈ పొద్దున ఒక కాలేజీ అమ్మాయి మణికట్టు తుడుస్తుంటే ఆ వాసన గుప్పుమంది. ఆవిడ నా వెనకే నిలబడి "ఆధార్ చూశావా అమ్మాయ్?" అని అడిగినట్టే ఉంది. చూశాను. అయినా ఆ పిల్లని మళ్లీ తియ్యమని ఇంకోసారి చూశాను.

నేను పుట్టు పిరికిదాన్ని. తాడుని చూసి పామనుకునేవాళ్లుంటారు, నాకు తాడు కూడా అక్కర్లేదు. అలాంటిదాన్ని సూదులతో మనుషుల ఒంటి మీద బొమ్మలు వేసే పనిలో చేరతానంటే మా అమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డిగ్రీ అయ్యి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న రోజులవి. బొమ్మలు బాగా వేస్తానని తెలిసినవాళ్లు తీసుకెళ్లి భ్రమరాంబ గారికి అప్పజెప్పారు. ఆవిడ అంతకు ముందు పెళ్లికూతుళ్లకి మెహందీ పెట్టేవారు. యాభై దాటిన మనిషి, ఎంత ఎండాకాలమైనా మోచేతులు దాటి మణికట్టు దాకా వచ్చే జాకెట్టే తొడిగేవారు. మొదటిరోజు మిషన్ పట్టుకుంటే నా వేళ్లు వణకడం చూసి, "వణకనీ అమ్మా. మనం గీసింది చెరగదు గదా, ఆ మాత్రం భయం ఉండాలి. భయం లేనోళ్లంటేనే నాకు భయం" అన్నారు. నా పిరికితనాన్ని తప్పుపట్టని మనిషిని అదే మొదటిసారి చూడటం.

పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి వెయ్యకూడదన్నది ఆవిడ నియమం. గోడ మీద బోర్డు కూడా పెట్టారు. అది చట్టమేనా అని నాకు అనుమానం. ఒకసారి మేడ మీదుండే ప్లీడరు గారు టీకి దిగితే భ్రమరాంబ గారు నా ముందే ఆయన్ని అడిగారు. ఆయన మెడ గోక్కుని, "పచ్చబొట్టుకని విడిగా చట్టం ఉన్నట్టు నాకు తెలీదండి. మైనరు పెట్టిన సంతకం చెల్లదు, అంతవరకు ఖాయం. అదే తల్లీతండ్రీ వచ్చి వెయ్యండి అంటే తప్పో ఒప్పో నేను గట్టిగా చెప్పలేనండి" అన్నారు. ఆయన వెళ్లాక ఆవిడ నిట్టూర్చి, "ఆయనకే తెలీదంటే ఇంక మన తిప్పలు మనమే పడాలి" అన్నారు. తల్లిదండ్రులు వచ్చినా సరే వెయ్యకూడదని ఆ రోజే తీర్మానం అయిపోయింది.

ఆ తీర్మానాన్ని దాటడానికి పిల్లలు వెయ్యని వేషం లేదు. భీమవరం వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. రొయ్యల చెరువులున్న కుటుంబం, చేతికి ఖరీదైన వాచీ, మూతి మీద ఇంకా నూగు మీసం. వెంట నాన్నగారంటూ ఖాకీ చొక్కా ఆయన్ని తెచ్చుకున్నాడు. భ్రమరాంబ గారు కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "బాబు గారి ఇంటిపేరేంటండి?" అని ఎంతో మర్యాదగా అడిగారు. ఆయన అబ్బాయి వైపు చూశాడు, అబ్బాయి ఫ్యాను వైపు చూశాడు. "ఆయ్, నాకేం తెలుసండి, నాది ఆటో అండి. లోపలికొచ్చి తలూపితే వెయిటింగు డబ్బులు ఇస్తానన్నాడండి" అని ఆ పెద్దమనిషి ఒప్పేసుకున్నాడు. నేను నవ్వాపుకోలేక తెర వెనక్కి పోయాను. తిరిగొచ్చేసరికి ఆవిడ ఆ అబ్బాయి ఫోన్ నంబరు తీసుకుంటున్నారు. వద్దని పంపేసినవాళ్ల నంబరు ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. వారం తిరక్కుండా ఆవిడే ఫోన్ చేసి, "నాన్నా, ఇంకెక్కడా వేయించుకోలేదు గదా?" అని కనుక్కున్నారు. సంతలో ఒకే సూదితో పదిమందికి పొడిచేవాళ్ల దగ్గరికి పోతాడేమోనని ఆవిడ బెంగ.

మరీ ఇంత పట్టుదల ఎందుకండీ అని ఒక మధ్యాహ్నం అడిగేశాను. ఆవిడ జాకెట్టు చెయ్యి పైకి మడిచారు. మోచేతి కింద పాకుడు రంగులో ఒక మగ పేరు. అది వాళ్లాయన పేరు కాదు. "మా మేనమావ కొడుకు. నేను పుట్టగానే వాడికే అనుకున్నారు. నాకు ఏడేళ్లప్పుడు తీర్థంలో మా నాయనమ్మ నా కాళ్లూ చేతులూ పట్టుకుంటే పచ్చబొట్టు పొడిపించేశారు. ముద్దుకే చేశార్లే. తర్వాత పొలం తగువొచ్చి వాళ్లు వేరే సంబంధం చేసుకున్నారు" అన్నారు. జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుంటూ, "మా ఆయన ఉన్నన్నాళ్లూ దీని గురించి ఒక్క మాటా అడగలేదమ్మా. అడిగి నాలుగు తిట్టినా బాగుండేది" అన్నారు.  

ఆవిడ నియమానికి అసలు పరీక్ష నూకరత్నం గారి రూపంలో వచ్చింది. ఎండాకాలంలో సముద్రం మీద చేపల వేటకి పెట్టే నిషేధం ముగియబోతున్న రోజులు. నరసాపురం అవతల సముద్రపొడ్డున వాళ్ల పల్లె. రాజమండ్రిలో చెల్లెలింటికి వచ్చి, కొడుకుని వెంటబెట్టుకుని మా షాపు వెతుక్కుంటూ వచ్చింది. కుర్రాడి పేరు సత్తిబాబు. పదహారేళ్లవాడు, పొడుగ్గా, తల దించుకుని నిలబడ్డాడు. వాడి చేతి మీద పేరు, ఇంటిపేరు, ఊరు పొడవాలని అడిగింది.

"పద్దెనిమిది నిండాక రండమ్మా, నేనే వేస్తాను" అన్నారు భ్రమరాంబ గారు.

"అప్పటిదాకా సముద్రం ఆగుద్దాండి? ఎల్లుండి వీడు వాళ్ల చిన్నాన్నతో బోటెక్కుతున్నాడు." నూకరత్నం గారు కొంగుతో మొహం తుడుచుకుంది. "వీళ్ల నాన్న బోటు తిరగబడి పోయాడండి. ఎక్కడో ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. మొహం లేదండి. చేతి మీద పేరుంది గనక మా మనిషని తెచ్చుకున్నాం. మాలో పేరు లేకుండా మొగోణ్ణి వేటకి పంపమండి."

 నాకైతే ఆ క్షణంలోనే మిషన్ తీసి పేరు రాసేయాలనిపించింది. భ్రమరాంబ గారి మొహం పాలిపోయింది గాని మాట మారలేదు. "ఒంటి మీద పేరు రాయడానికే చాలని వయసు బోటెక్కడానికి ఎలా చాలుద్దమ్మా? వాణ్ణి పంపకండి" అన్నారు.

"పంపకపోతే ఇంట్లో కూడు మీరు పెడతారేంటండి?"

 భ్రమరాంబ గారు సత్తిబాబు వైపు తిరిగి, "నీకు కావాలా నాన్నా?" అని అడిగారు. వాడు మొదటిసారి తలెత్తాడు. "నాకేం లేదండి. ఇది ఉంటే మా అమ్మ నిద్రపోద్దండి" అన్నాడు.

భ్రమరాంబ గారు లేచి గబగబా ఎదురుగా ఉన్న స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్లారు. గిన్నెల మీద పేర్లు కొట్టే మనిషి చేత ఒక కడియం మీద వాడి పేరూ ఊరూ కొట్టించి తెచ్చి తొడిగారు. నూకరత్నం గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "కడియం జారిపోద్దండి. చర్మం జారదు" అంది. గడప దాటుతూ, "మీకు పిల్లల్లేరేమోలెండి" అని ఒక మాట అనేసి వెళ్లిపోయింది. నిజమే, ఆవిడకి పిల్లల్లేరు. అంత మాట పడ్డాక కూడా ఆవిడ సందు చివరిదాకా వెంటపడి వెళ్లి ఫోన్ నంబరు తీసుకుని వచ్చారు.

బోటు వెళ్లింది. కొన్నాళ్లకి బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారు. వేటకి వెళ్లవద్దని హెచ్చరిక వచ్చేసరికే సత్తిబాబు వాళ్లు లోపల ఉన్నారు.  రాజమండ్రిలో ఉత్త ముసురే, గాలి కూడా పెద్దగా లేదు. మా భ్రమరాంబ మేడమ్ గారు మాత్రం కుర్చీలో కూర్చోలేకపోయేవారు. గుమ్మంలోకి వెళ్లి ఆకాశం చూడటం, లోపలికొచ్చి ఫోన్లో వాతావరణం చూడటం. తెచ్చుకున్న క్యారేజీ విప్పకుండానే ఇంటికి పట్టుకెళ్లిపోయేవారు. పొద్దునా సాయంత్రం నూకరత్నం గారికి ఫోన్ చేసేవారు. మొదట్లో ఆవిడ ఎత్తేది కాదు. తర్వాత ఎత్తి "తెలీలేదండి" అని పెట్టేసేది. తిట్టడానికి కూడా ఓపిక లేని గొంతు అది.

"మీరు చేసింది తప్పేం కాదు కదండీ, ఎందుకిలా అయిపోతున్నారు?" అన్నాను ఉండబట్టలేక.

"తప్పని ఎవరన్నారమ్మా? వద్దన్నది నేను. అనేసి ఇంటికెళ్లి దుప్పటి కప్పుకుంటే ఎలా? ఆ కుర్రాడు ఒడ్డుకొచ్చేదాకా నా పని అవ్వలేదు" అన్నారు. అంటూనే మళ్లీ ఫోన్ అందుకున్నారు.

బోటు గాలికి దారి తప్పి ఎక్కడో దూరాన ఇంకో రేవులో తలదాచుకుంది. ఒక ఉదయం నూకరత్నం గారే ఫోన్ చేసింది. "వచ్చాడండి" అంది. మేడమ్ గారు ముందుగా "అన్నం తిన్నాడా?" అని అడిగారు. అవతల నుంచి ఆవిడ అన్నది నాకూ వినబడింది. "తిన్నాడండి. కడియం మాత్రం లేదండి. వల లాగుతుంటే మొదటిరోజే నీళ్లలో పడిపోయిందంట."

ఫోన్ పెట్టేశాక ఆవిడ చాలాసేపు ఏడ్చారు. "ఆ తల్లి చెప్పినట్టే అయింది చూడు. వాడికేదన్నా అయ్యుంటే ఆనవాలు కూడా ఉండేది కాదు" అన్నారు. ఇక నియమం సడలిస్తారనుకున్నాను. కళ్లు తుడుచుకుని, "అయినా వెయ్యనమ్మా" అన్నారు. ఆవిడ మాట సరైనదా కాదా అని నేనిప్పటికీ తేల్చుకోలేదు. రెండు పక్కలా న్యాయం ఉన్నప్పుడు ఒక పక్కన నిలబడి, రెండో పక్క బరువు కూడా మోసిన మనిషిని మాత్రం కళ్లారా చూశాను. ఊరికే భయపడటం నాకు మొదట్నుంచీ తెలుసు. ఇంకొకరి కోసం భయపడటం కూడా ఒక పనేనని, దాన్ని మధ్యలో వదిలిపెట్టకూడదని ఆవిడ దగ్గర నేర్చుకున్నాను.

అప్పటి నుంచి సముద్రంలో అల్పపీడనం అని వార్త వస్తే చాలు, ఆవిడ ముందు నూకరత్నం గారికి ఫోన్ చేసేవారు. సత్తిబాబుకి పద్దెనిమిది నిండాయి, దాటాయి. వాడు షాపుకి రాలేదు, వాళ్లమ్మా తీసుకురాలేదు. ఎందుకు రాలేదని ఆవిడా అడగలేదు. ఫోన్లు మాత్రం ఆగలేదు.

పోయినేడాది మేడమ్ గారు జబ్బుచేసి పోయారు. షాపుతో పాటు ఆవిడ ఫోన్ కూడా నా దగ్గరికొచ్చింది. దినాలు అయ్యాక షాపు తెరిచిన కొద్దిరోజులకే తుఫాను హెచ్చరిక. ఫోన్ చెయ్యాలన్న ఆలోచనే నాకు రాలేదు, పనిలో పడి ఉన్నాను. బల్ల మీద ఆ ఫోన్ మోగింది. ఎత్తేసరికి నూకరత్నం గారి గొంతు.

"ఏంటండి మేడమ్ గారూ, తుఫానంటుంటే ఇంకా ఫోన్ చెయ్యలేదు? ఒంట్లో బాగుందా? నాకేదో కంగారుగా ఉందండి."

 మేడమ్ గారు పోయిన సంగతి ఎలాగో చెప్పాను. అవతల నూకరత్నం గారు ఏడుస్తుంటే నేనూ ఏడుస్తూ కూర్చున్నాను. మిషన్ కింద చెయ్యి పెట్టిన అబ్బాయి బిత్తరపోయి చూస్తున్నాడు. ఏడుపు సద్దుమణిగింది. నూకరత్నం గారు ఫోన్ పెట్టేయబోతోందని అర్థమై, నా ప్రాణం ఉగ్గబట్టుకుని అడిగాను.

"సత్తిబాబు ఒడ్డునే ఉన్నాడాండి?"