ఆమె నడుముకు ఏమీ కాలేదు

మా చర్చి సంఘంలో ఆడవాళ్లంతా చాపల మీద కూర్చుంటారు. నా భార్యకు మాత్రం గోడవారగా ఒక కుర్చీ వేస్తారు. వేసినవాళ్లు "నడుము ఎట్లున్నదమ్మా?" అని అడుగుతారు. "దేవుని దయ, బాగనే ఉన్నది" అంటుంది తను. అది నిజమే. ఆమె నడుము బాగానే ఉంది. బాగాలేదని చెప్పింది నేను.

పటాన్‌చెరులో ఇనుప సామాను తయారు చేసే ఒక కంపెనీలో ఇరవై రెండేళ్లు క్రేన్ నడిపాను. షెడ్డు కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ తిరిగే క్రేన్. దానికి వేలాడే చిన్న గదిలో కూర్చుని బరువులు ఎత్తాలి, దించాలి. ఆ చప్పుడులో కిందివాళ్ల మాట పైకి వినపడదు. కింద నిలబడినవాడు చేత్తో సైగ చేస్తే, ఆ సైగ చూసి నడపాలి. చివరి ఆరేళ్లు నాకు సైగలు చేసింది నా బామ్మర్ది. నా భార్యకు ఒక్కడే తమ్ముడు.

పోయిన ఏడు దసరా వెళ్లాక సంగారెడ్డిలో కళ్ల డాక్టరుకు చూపించుకున్నాను. అంతకు కొన్నాళ్ల ముందునుంచే చూపులో అక్కడక్కడా మసి మరకలు కనపడుతున్నాయి, ఎండకు ఎదురుగా చూస్తే అంతా తెల్లబడిపోతోంది. షుగరు కంటి వెనక పొరను దెబ్బతీసిందని, వెంటనే సూదులు మొదలుపెట్టాలని, అప్పటిదాకా బండి నడపవద్దని ఆయన చెప్పాడు. ఏం పని చేస్తావని అడిగాడు. "స్టోర్స్‌ల" అన్నాను. ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి హెల్మెట్ లోపలి పట్టీ వెనక దాచాను.

కంపెనీలో క్రేన్ నడిపేవాళ్లకు ఏటా నవంబర్‌లో కంటి పరీక్ష పెడతారు. ప్రతి ఏడూ అదే పట్టిక, మూల చిరిగి టేపు వేసి ఉంటుంది. కింది వరుస అక్షరాలు మాలో అందరికీ కంఠతా వచ్చు. కొత్తగా క్రేన్ ఎక్కినవాడికి సైగలతో పాటు ఆ వరుస కూడా నేర్పేవాళ్లం. అది తప్పని మాలో ఎవరమూ అనుకోలేదు, ఆలస్యంగా వచ్చినవాడి హాజరు పక్కవాడు వేసినంత మామూలు విషయం. కుడి కన్ను మూసి ఒకసారి, ఎడమ కన్ను మూసి ఒకసారి వరుస అప్పజెప్పాను. సంతకం పెట్టి పంపించారు.

డిసెంబర్ మొదట్లో ఒక సాయంత్రం నా భార్య పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతూ అడిగింది. తను బడిలో టీచరు.

"క్రిస్మస్ అయినంక రెండు రోజులు ఎటన్న పోదమా? పెద్ద ఊరు వద్దు. పొద్దుగాల కిటికీల నుంచి మంచు కనబడాలె. ఎవరన్న చాయ్ పెట్టియ్యాలె. నేను లేవద్దు. అంతే."

ఒక నోటు పుస్తకం వెనక అట్ట మీద ఊళ్లు రాసింది. బీదర్, మెదక్, వికారాబాద్. వాటి పక్కన ఎన్ని కిలోమీటర్లో రాసింది. ఎక్కడ ఏముందో తను చెబుతుంటే, బామ్మర్ది కారు నేను నడపకుండా ఎక్కడికి పోవచ్చునా అని ఒక్కటే నేను చూశాను. వికారాబాద్‌కు లింగంపల్లిలో రైలు ఎక్కితే చాలు. దిగాక గుట్ట దాకా ఆటో.

"వికారాబాదే పోదం. రైల్ల పోదం" అన్నాను.

ఆ మాటకు రెండు రోజుల్లోనే అడ్డు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం బామ్మర్ది వచ్చి తన కారు తాళాలు బల్ల మీద పెట్టాడు.

"నాకు డ్యూటీ ఉన్నది, నేను రాను. కారు తోల్కపో బావా. శంకర్‌పల్లి మీంచి రోడ్డు బాగుంటది. గంటన్నరల పడ్తవు."

"వద్దులే. మీ అక్క నడుము కారుల ఆగది."

"అక్క నడుమా?" అని నవ్వాడు. "అప్పుడెప్పుడో నాలుగు రోజులు బెల్టు పెట్టుకున్నది. మొన్న గ్యాస్ బండ ఒక్కతే లోపలికి దొర్లిచ్చుకున్నది, సూడలే? నడుము నీదే పట్టినట్టుంది బావా. పైన కూసోని కూసోని దిగనీకి ఒళ్లు వంగుతలేదు."

నా భార్య మాత్రం నవ్వలేదు. నా వైపు చూసింది, ఆ చూపులో సంతోషం ఉంది. ఎప్పుడో పోయిన నొప్పిని నేను గుర్తు పెట్టుకున్నానని అనుకుంది.

మళ్లీ కారు మాట రాకూడదని మరుసటి ఆదివారం నేను చేసిన పనికి ఈ రోజుకీ సిగ్గుపడతాను. ఆరాధన చివర పాస్టరుగారు ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు లేచి నిలబడ్డాను. నా భార్య నడుము కోసం సంఘమంతా ప్రార్థన చేయాలని అడిగాను. అంతమంది మోకరించాక బామ్మర్ది కూడా ఇక ఏమీ అనలేకపోయాడు. ఆ వారం ఆడవాళ్లు ఇద్దరిద్దరుగా ఇంటికి వచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేసి ప్రార్థన చేసిపోయారు. తను ఒద్దికగా తల వంచుకుని కూర్చుంది. వాళ్లు వెళ్లాక ఒకసారి అడిగింది. "మీరు గింత దూరం ఎందుకు పోయిన్రు? నాకు నొప్పి లేదు గద."

"మళ్ల నొప్పి రావద్దనే" అన్నాను.

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, పొద్దుటి షిఫ్టులో జరిగింది. కప్పు రేకుల సందులోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. మందపాటి ఇనుప రేకును దించుతున్నాను. కింద బామ్మర్ది చెయ్యి ఎత్తడం కనపడింది. ఏ సైగో తెలియలేదు. ఇంకా దించమన్నాడని దించాను. రేకు అంచు అతని బూటు ముందు, బెత్తెడు దూరంలో నేలకు తగిలింది. అతను వెనక్కి ఎగిరి పడ్డాడు.

నేను నిచ్చెన దిగి వచ్చేసరికి లేచి దుమ్ము దులుపుకుంటున్నాడు.

"ఆగమన్న గద బావా! ఏమైంది?"

"బ్రేకు జారింది" అన్నాను.

క్రేన్ ఆపి ఫిట్టర్ బ్రేకు విప్పాడు. అతనికి ఏ లోపమూ దొరకలేదు, అయినా బిగించి పెట్టాడు. మళ్లీ పైకెక్కి షిఫ్టు పూర్తి చేశాను. ఇంకొక్క రోజు గడిస్తే సెలవు, తిరిగొచ్చాక చూద్దాం అనుకున్నాను. ఏం చూస్తానో నాకే తెలియదు.

క్రిస్మస్ మర్నాడు బయలుదేరాం. రైల్లో తను కిటికీ పక్కన కూర్చుని కంది చేలు చూపిస్తుంటే చూసినట్టు తల ఊపాను. గుట్ట కింద మేం దిగిన చోట రెండే గదులు, ముందు పెద్ద వాకిలి. ఆ ఇంటి ఇల్లాలు కట్టెల పొయ్యి మీద జొన్న రొట్టెలు చేసి పెట్టింది. మందపాటి గొంగళి ఇచ్చింది. తను అడిగినవన్నీ దొరికాయి. ఆ సాయంత్రం ఆమె మూడుసార్లు చాయ్ తాగింది, మూడుసార్లూ కూర్చున్నచోటి నుంచి లేవలేదు.

పొద్దున లేచేసరికి తను పక్కన లేదు. తలుపు తీశాను. వాకిలి నిండా మంచు. ఆ చివర పొయ్యి దగ్గర తను నిలబడి ఉంది, శాలువా రంగు పోల్చుకున్నాను. చెయ్యి ఎత్తింది. చాయ్‌కి రమ్మంటోందని గబగబా నడిచాను.

పక్కనుంచి ఇల్లాలు మరిగిన నీళ్ల గిన్నె పట్టుకుని వస్తోంది. నాకు అటు పక్కన ఏమీ కనపడలేదు. నా భార్య అరుస్తూ పరుగెత్తుకొచ్చి నన్ను రొమ్ము మీద నెట్టింది. గిన్నె ఒరిగింది. నీళ్లు తన కుడి పాదం మీద పడ్డాయి.

ఇల్లాలు చన్నీళ్లు తెచ్చి పోసింది. పాదం ఎర్రగా కమిలింది. నా భార్య అరుగు మీద కూర్చుని, నొప్పిని పంటి బిగువున ఆపుకుని అడిగింది.

"ఆగమని చెయ్యి సూపిన గద?"

"రమ్మంటున్నవ్ అనుకున్న."

"అరచెయ్యి నిలబెట్టి సూపిన. గట్ల ఎవరన్న రమ్మంటరా?"

తను నా ముఖం ముందు చెయ్యి ఆడించింది. ముందు ఎదురుగా, తర్వాత పక్కకు. పక్కకు పోయిన చెయ్యి ఎక్కడుందో నేను చెప్పలేకపోయాను. ఇక దాచలేక డాక్టరు, చీటీ, కంఠతా చెప్పిన వరుస, కారు, అన్నీ చెప్పేశాను.

తన నడుము గురించి ఒక్క మాట అడగలేదు. షెడ్డులో జరిగింది తమ్ముడు ఆమెకు ముందే చెప్పి ఉన్నాడు. "మా తమ్ముడు గూడ మొన్న గిదే సైగ సూపిండు గద?" అంది. "బ్రేకు కాదన్నట్టు."

"కాదు."

"ఫోన్ చెయ్యుండ్రి. ఇప్పుడే. నేను చేస్త అంటలేను, మీరే చెయ్యుండ్రి."

రెండో రింగుకే ఎత్తాడు. వెనక షెడ్డు చప్పుడు వినిపిస్తోంది.

"ఏంది బావా, చలికి ముక్కు ఊడిందా?"

చెప్పాను. చప్పుడు తగ్గింది, బయటికి నడిచినట్టున్నాడు.

"అంటే నా చెయ్యి నీకు కనబడలే."

"కనబడ్డది. ఏ సైగనో తెల్వలే."

అతని గొంతు మారింది. "ఆరేండ్ల సంది నేను ఒక్కసారన్న నెత్తి మీదికి సూడలే. పైన మా బావ ఉన్నడని. సోమవారం నువ్వు ఆఫీసుల చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

"నేనే చెప్త."

"అక్కకియ్యి ఫోను."

అక్కతో ఏం మాట్లాడాడో నేను వినలేదు. పాదానికి మందు తేవడానికి ఊళ్లోకి నడుచుకుంటూ పోయాను.

సోమవారం ఆఫీసులో చెప్పాను. ఫిట్టర్ దగ్గరికి వెళ్లి బ్రేకు సంగతి కూడా చెప్పాను. "నాకు ఎర్కే" అన్నాడతను. నన్ను క్రేన్ దించి స్టోర్స్‌లో వేశారు. డాక్టరుకు చెప్పిన అబద్ధం అలా నిజమైంది. సూదులు వేయించుకున్నాను. ఉన్న చూపు నిలబడింది, పోయింది రాలేదు. బామ్మర్ది రెండు నెలలు మా ఇంటికి రాలేదు. ఉగాది ముందు వచ్చి, ఏమీ జరగనట్టు నా కంచంలో కూర తక్కువైందని అక్కను కోప్పడ్డాడు.

అంతా ఒప్పుకున్నానని అనుకున్నాను. సంఘంలో మాత్రం చెప్పలేదు. జనవరిలో ఆడవాళ్లంతా బస్సులో మెదక్ ప్రార్థన కూడికకు పోయారు. పన్నెండేళ్లుగా అక్కడ పాట ఎత్తుకునేది నా భార్యే. నడుము నొప్పి మనిషి అంతసేపు బస్సులో కూర్చోలేదని జాలిపడి ఆమె పేరు రాయలేదు. బస్సు మా వీధి మలుపులోనే ఆగి ముగ్గురిని ఎక్కించుకుంది. తను గేటు దగ్గర నిలబడి వాళ్లకు చెయ్యి ఊపింది. పక్కనే ఉన్నాను. బస్సు దాకా ఇరవై అడుగులు ఉంటుంది. వెళ్లి నిజం చెప్పలేదు. చూపు పోవడం జబ్బు వల్ల జరిగింది. ఆ ఇరవై అడుగులు నడవకపోవడానికి అలాంటి సాకు కూడా లేదు.

మళ్లీ డిసెంబర్ వచ్చింది. వేసవి సెలవుల్లో నా భార్య తమ్ముడి దగ్గర కారు నేర్చుకుంది. "అక్కా, క్లచ్చు మీద జెర దయ సూపు" అని వాడు అరుస్తుంటే, "బడిపిల్లల కంటే నీ నోరే ఎక్కువున్నది" అని తను అరుస్తూ ముత్తంగి దాకా పోయి వచ్చేవాళ్లు. మొన్న సాయంత్రం నోటు పుస్తకాలు పక్కన పెట్టి అంది.

"వికారాబాద్ మళ్ల పోదం. కారు తమ్మునిది, తోలేది నేను. కని ముందుగాల ఆ కుర్చీ తీపియ్యుండ్రి."

ఇన్నాళ్లలో ఆ సంగతి తను ఎత్తడం అదొక్కసారే.

ఎల్లుండి ఆదివారం. విన్నపాలు అడిగినప్పుడు లేచి ఇదంతా చెబుతాను. చెప్పేటప్పుడు ఏదీ వదిలేయకూడదని ఇలా రాసి పెట్టుకున్నాను. అక్కడ వెలుతురు తక్కువ, అందుకే అక్షరాలు పెద్దవిగా రాశాను.