మడమ నొప్పి, మూడు ఫిర్యాదులు

యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఒకసారి నన్ను చూసి కుర్చీలోంచి లేవలేదు. అవమానాన్ని నేను మరచిపోను. పట్టుబట్టి మూడు ఫిర్యాదులు రాశాను.

ఏడాది తిరక్కుండా నాకు మడమ నొప్పి పట్టుకుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుండేది. ఒకరోజు క్యాంపస్‌లో తార్నాక బస్సెక్కి కుంటుతూ నిలబడితే, సెక్యూరిటీ యూనిఫాంలో ఉన్న ఒకామె లేచింది. ఆమెను అంతకుముందెప్పుడూ చూడలేదు.

"కూసోండి సార్. మడమనే కదా? నాకూ గదే. మంచం దిగకముందే కాలి వేళ్లు మీ దిక్కు గుంజుకోన్రి. ఇంట్ల గూడ మెత్తటి చెప్పులేసుకోన్రి."

"నీకు తగ్గిందా?"

"యాడ తగ్గుతది? ఎక్కువ సేపు నిలబడొద్దన్నడు డాక్టర్. ఎవరో పెద్దసారు కాయితాలు రాసిండంట, అన్ని గేట్ల కాడ కుర్చీలు తీసేసిన్రు. ఇగ పన్నెండు గంటలు నిలబడుడే. కూసుంటే నౌకరి పోతది. ఆ సారు సల్లగుండాలె!" అని నవ్వింది.

ఆ రోజు గేటు దగ్గర అతను లేవకపోవడం తప్పేనని ఇప్పటికీ అంటాను. కానీ ఆ కాయితాలు నావేనని ఆమెతో అనలేదు. తార్నాక దాకా ఆమె కడ్డీ పట్టుకుని, ఒక మడమ నేలకు ఆనకుండా ఎత్తి నిలబడింది. నేను ఆమె సీట్లోనే కూర్చున్నాను.