మామయ్య కాలి వేలికి చేరని మందు

ఈ రోజు మామయ్యను, అంటే మా ఆయన వాళ్ల నాన్నను, నాయుడుపేట ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆయన చేపల వేటకు వెళ్లే మనిషి, చుట్ట లేనిదే ఉండలేరు. కాలి వేలి మీద పుండు ఎన్ని మందులు వాడినా మానడం లేదు. చుట్ట మానకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు గారు చెప్పారు.

"మందు మింగతానే ఉండాను గదయ్యా. యాడికి పోతా ఉందది?" అన్నారు మామయ్య.

డాక్టరు గారు విడమరిచి చెప్పారు. వేలి చివర రక్తనాళాలు వెంట్రుకకన్నా సన్నగా, పాయలు పాయలుగా చీలుతాయట. చీలిన ప్రతిచోటా రక్తకణాలు జోరుగా పారే పాయలోకే ఎక్కువగా పోతాయట. నెమ్మదిగా పారే పాయకు మిగిలేది పలచటి నీరే. పొగ ఆ సన్న పాయలను ఇంకా బిగిస్తుందట, అందుకే పుండుకు రక్తమూ మందూ సరిగా చేరవట.

మామయ్య అయోమయంగా చూశారు. ఆయన ముందు ఎప్పుడూ నోరెత్తని నేను ఎందుకో మాట్లాడాను.

"మనింట్లో చేపల పులుసు మాదిరే మామా. ముక్కలన్నీ ముందు కూర్చున్నోళ్లకే పడతాయి. కడాకు తినే నాబోటిదానికి పులుసే."

డాక్టరు గారు నవ్వారు. మామయ్య నవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో చుట్టల కట్ట తీసి నా చేతిలో పెట్టారు.

"నేనడిగినా ఇయ్యబాకమ్మా," అన్నారు.

ఊళ్లో దిగీ దిగగానే అడిగారు. ఇవ్వలేదు. సాయంత్రం నుంచి నాతో మాటల్లేవు. కట్ట బియ్యం డబ్బాలో ఉంది, నేను వంటింట్లోంచి కదలడం లేదు. మీ ఇళ్లలో ఎవరి చేతనైనా చుట్ట మాన్పించి ఉంటే ఎలాగో కాస్త చెప్పండి. తెల్లారగానే మళ్లీ అడుగుతారు.