కుంకుమ పెట్టిన నోటీసు

నా పేరు దాసరి సుబ్బాయమ్మ. డెబ్బై నాలుగేళ్లు. అమెరికాలో ఇర్వింగ్ అనే ఊళ్లో మా చెల్లెలి కొడుకు ఇంట్లో ఉంటాను; వాడు, వాడి భార్య, నేను, ఒకటే బెడ్‌రూం. చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. మా లాయరమ్మ పోయింది. పోయిన నెల హైవే మీద ట్రక్కు వెనకనుంచి గుద్దితే కారు నుజ్జయిపోయింది. ఆ కబురు విని చేతిలోని గిన్నె గోడకేసి కొట్టాను.

ఆమె నా మనవరాలి లాయరు. మా అల్లుడు వంటింట్లో మా అమ్మాయిని తుపాకీతో కాల్చి, తననూ కాల్చుకున్నాడు. పదేళ్ల పిల్ల బాత్‌రూంలో గడియ వేసుకుని బతికింది. నా దగ్గర చోటు లేదని, సర్కారు ఖర్చు మీద పరాయి పిల్లల్ని పెంచే ఫోస్టర్ ఇంటికి పంపారు. పిల్ల తరఫున మాట్లాడటానికి కోర్టు ఈమెను పెట్టింది.

మొదటిరోజు ఆమె వస్తే, పిల్లను తీసుకుపోయిన సర్కారు ఆఫీసు మనిషి అనుకుని జుట్టు పట్టుకున్నాను. ఇక్కడే పుట్టిన తెలుగమ్మాయి, నలభై ఏళ్లుంటాయి. విదిలించుకోలేదు.

“అమ్మమ్మా, జుట్టు తర్వాత లాగు. ముందు పేపర్స్ ఎక్కడ ఉంది, చూపించు” అంది.

పేపర్లు దేవుడి దగ్గర ఉన్నాయి. సర్కారు ముద్రతో ఉత్తరం వస్తే పిల్లకు ఏదో మంచి జరగబోతోందనుకుని, ఎవరికీ చూపకుండా కుంకుమ పెట్టి పటాల ముందు ఉంచాను. అది చదివి ఆమె పెన్ను మూత కసుక్కున కొరికింది. మా అమ్మాయి ఉద్యోగం చేసి సర్కారుకు కట్టినదాని మీద, తల్లి పోయిన పిల్లకు నెలనెలా సోషల్ సెక్యూరిటీ అని పింఛనులా డబ్బు వస్తుందట. దాన్ని ఫోస్టర్ ఖర్చుకింద పిల్లను తీసుకుపోయిన ఆ ఆఫీసే తీసుకుంటుందట. కాదనడానికి రెండు రోజులే మిగిలాయి.

“చచ్చిన నా బిడ్డ కష్టం వాళ్లు తింటారా? పదవే, తలలు పగలగొట్టొస్తాను” అన్నాను.

“తల వద్దు. పిల్లని పెంచడం స్టేట్ డ్యూటీ. ఆ బిల్లు పిల్ల ఎందుకు కడుతుంది? అది పగలగొడదాం.”

ఆ కుంకుమ కాగితాన్నే కోర్టులో పెట్టింది. ఆ మరక రక్తమా అని ఆఫీసు లాయరు నవ్వాడు. ఈమె బల్ల గుద్ది ఇంగ్లీషులో ఏదో అంది.  ఏమన్నావని తర్వాత అడిగితే, రక్తం ఎలా ఉంటుందో ఈ పిల్లకు తెలుసు, మీరు జోకులు వేయకండి అన్నానంది.

ఎప్పుడొచ్చినా కూర్చునేది కాదు. నా గోంగూర పచ్చడి బ్రెడ్డుకు రాసుకుని నిలబడే తినేది. ఎవరినైనా అడిగేముందు పిల్లను అడిగేది, నీకేం కావాలని. కరాటే నేర్చుకుంటానంది పిల్ల. పిల్ల సొమ్ముతో పిల్లకు చేయాల్సినవాటిలో లాయరమ్మ అదే మొదట రాసింది.

ఆమె పోయిన మూడో రోజున ఆఖరి వాయిదా. కొత్త లాయరు ఆమె ఫైలు పట్టుకుని వచ్చాడు. ఏమైనా చెబుతావా అని జడ్జి అడిగితే, పిల్ల పిడికిళ్లు బిగించి లేచింది. అది మా అమ్మది అంది, అంతే. ఆఫీసు దాన్ని ముట్టుకోకూడదని, పిల్ల పేరున ఉంచి పిల్లకే వాడాలని జడ్జి తీర్పిచ్చాడు.

ఫోస్టర్ ఇళ్లలో ఇంకా పిల్లలున్నారు. వాళ్లకు వచ్చేది ఎటు పోతోందో అడగండి. గట్టిగా అడగండి.

తీర్పు రోజున కోర్టు బయట ఎండ మండిపోతోంది. పిల్ల ఆ తీర్పు కాగితాన్ని కారు బానెట్ మీద పరిచి రెండు చేతులతో అదిమి పట్టింది. ఇనుము కాలుతోంది, చేతులు తియ్యవే అన్నా తియ్యలేదు. గాలికి కాగితం అంచులు టపటపా కొట్టుకుంటూనే ఉన్నాయి.

నేను చెప్పిందే రాశారని వేలు వేస్తున్నాను.
దాసరి సుబ్బాయమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.
దగ్గరుండి చూసినవారు: కోడలు శ్రావణి, పక్క అపార్ట్‌మెంట్‌లో ఎమ్మెస్ చదివే నవీన్.