వేలాడి చూసే ఆదిమూలం

ఆదిమూలానికి ఒకటే పిచ్చి. ఎక్కడ ఏ కొక్కెం కనబడినా సరే, దానికి తను వేలాడి చూడందే నమ్మడు.

అది ఉయ్యాల కొక్కెమా, బావి గిలక కొక్కెమా, పక్కింటివాళ్లు పంచాంగం తగిలించుకునే మేకా అన్న తేడా ఆయనకు లేదు. పంచె ఎగగట్టి, రెండు చేతులా పట్టుకుని, మోకాళ్లు ముడిచి గాల్లోకి లేస్తాడు. పది అంకెలు లెక్కపెడతాడు. పది దాకా నిలిస్తే దిగుతాడు, నిలవకపోతే పడతాడు. మనిషి చూస్తే ఆరడుగులు, సంగటి తిన్న ఒళ్లు. సూళ్లూరుపేటలో ఆయన దెబ్బకు పెచ్చులూడని గోడ లేదంటే నమ్మండి.

తిరుమలమ్మ మనవరాలికి పేరు పెట్టిన రోజున ఇల్లంతా చుట్టాలు. పురోహితుడు తొందరపడుతున్నాడు. బిడ్డ ఏడుస్తోంది. ఉయ్యాల కట్టాల్సిన కొక్కేనికి మాత్రం ఆదిమూలం వేలాడుతున్నాడు.

"దిగప్పా ఆదిమూలం! ముహూర్తం దాటిపోతా ఉండాది!" అంది తిరుమలమ్మ.

"ఏడు... ఎనిమిది... నువ్వు మాట్లాడిస్తే లెక్క తప్పుతాది పెద్దమ్మా. ఇంక మళ్లా ఒకట్నించి."

అప్పటినుంచీ ఆ ఊళ్లో ముహూర్తాలు అరగంట ముందుకు జరిపి పెట్టుకోవడం అలవాటైంది. ఆదిమూలం వేలాడిన కొక్కేనికి కట్టిన ఉయ్యాల ఏదీ ఊడిపడిన పాపాన పోలేదు. అది మాత్రం ఎవరూ కాదనలేరు.

ఒకసారి మద్రాసు వెళ్లే రైల్లో ఎర్రగొలుసు కంటబడింది. ఇంకేముంది! తడ స్టేషను దాటగానే బండి ఆగింది. గార్డు పరిగెత్తుకొచ్చి, "గొలుసు లాగింది ఎవరయ్యా?" అని కేకలేశాడు.

"ఎవురూ లాగలేదు సామీ. నేను వేలాడినా. ఐదు కూడా లెక్కపెట్టలేదు, అంతలోకే బండి నిలబడిపోయింది. మంచి గొలుసు. ఎవురైనా మారస్తామంటే ఒప్పుకోవద్దు."

గార్డు ఆయన్ను తడలోనే దింపేశాడు. అక్కణ్ణించి నడిచి వస్తూ దారిలో రెండు బావి గిలకలు కూడా చూసుకుని వచ్చాడట.

ఊరంతా నవ్వింది. నవ్వనిది ఒక్క దేవకమ్మ. ఎదురిల్లే. ఆదిమూలం తమ్ముడు చెంగయ్య పెళ్లాం ఆమె.

ఆదిమూలం పని పులికాట్ సరస్సులో తిరిగే పడవలకు తెరచాప సామాను బిగించడం. పదిహేనేళ్ల కిందట మాఘ పున్నమి నాటి పడవల పందెంలో చెంగయ్య మునిగిపోయాడు. తెరచాపను పట్టి ఉంచే కొక్కెం ఊడి పడవ బోల్తాపడిందన్నారు. ఆ కొక్కెం బిగించింది ఆదిమూలమే. ఆయనే పదిమందిలో నిలబడి, "తప్పు నాదే, నేను సరిగ్గా సూడలేదు" అని ఒప్పుకున్నాడు. వేలాడే పిచ్చి పట్టింది ఆ తర్వాతే.

దేవకమ్మ ఆ రోజునుంచి బావతో మాట్లాడలేదు. పెద్ద పండక్కి కూడా గుక్కెడు నీళ్లివ్వలేదు. మరీ చెప్పాల్సిన మాట ఉంటే ఆవుతో చెప్పేది. "ఏమే లచ్చిమీ, కొందరు అవసరం లేనిచోట అన్నీ పట్టుకుని వేలాడతారంట. అవసరమైన రోజు మాత్రం సూడలేదంట" అనేది, ఎదురింటికి వినపడేలా. ఆదిమూలం తల వంచుకుని లోపలికి పోయేవాడు. ఆ మాటలు అన్న రోజు ఆమెకూ కూడు సహించేది కాదు.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, ఉప్పు పండించే కొటారు నడిపే తెల్లదొర సీమకు వెళ్లిపోతూ తన చిన్న పందెం పడవను మునస్వామికి ఇచ్చి పోయాడు. మునస్వామి దేవకమ్మకు ఒక్కగానొక్క కొడుకు, ఇరవై రెండేళ్లవాడు, దొర దగ్గర పడవ నడిపేవాడు. పడవ చూడ్డానికి ముచ్చటగా ఉంది గానీ, తెరచాపను కొయ్యకు తగిలించే సామానంతా తుప్పు పట్టి రాలిపోయింది.

"ఈ మాఘ పున్నమికి పందెం కడతానమ్మా" అన్నాడు మునస్వామి.

దేవకమ్మ వద్దని ఏడ్చింది, రెండు పూటలు తిండి మానేసింది. వాడు వినలేదు. నాయన ఓడిపోయిన చోట తను గెలవాలని వాడి పట్టుదల. సామాను బిగించమని పోయి పోయి పెదనాయన్నే అడిగాడు. మొగుణ్ణి మింగిన చేతులే కొడుకు పడవ మీద పడుతున్నాయని దేవకమ్మ కుమిలిపోయింది.

ఆదిమూలం రెండు నెలలు రకరకాల కొక్కేలకు వేలాడి చూశాడు. మొదట ఇత్తడి వలయం. పడవల కొట్టంలో దూలానికి తగిలించి వేలాడాడు. పది అయింది, ఇరవై అయింది, వలయం చెక్కు చెదరలేదు. దిగి, పెదవి విరిచి మూల పడేశాడు. తర్వాత మద్రాసు నుంచి తెప్పించిన మిలిటరీ స్ప్రింగు కొక్కెం. దానికి ఆయనా మునస్వామీ కలిసి వేలాడారు. చూడవచ్చిన పడవవాడు గురప్పను కూడా ఎక్కించుకున్నారు. ముగ్గురు మగవాళ్లు గబ్బిలాల్లా వేలాడుతుంటే కొట్టం దూలం కిర్రుమంది గానీ కొక్కెం కిక్కురుమనలేదు.

"ఇదే బాగుండాది పెద్నాయనా!" అన్నాడు మునస్వామి.

"పట్టుకుంటాది. శానా గట్టిగా పట్టుకుంటాది" అన్నాడు ఆదిమూలం, చావుకబురు విన్నవాడిలా. దాన్నీ మూల పడేశాడు.

"నీకు గట్టిది కావాల్నా, వద్దా?"

"ఉండప్పా, సూస్తాం."

ఆ రోజుల్లోనే దేవకమ్మకు మరో తలనొప్పి మొదలైంది. తెల్లవారేసరికి ఆవు పలుపు ఊడిపోయి, పక్కింటి అలివేలమ్మ గుమ్మడిపాదులో నిలబడి ఉంటోంది. వారంలో నాలుగుసార్లు. అలివేలమ్మ వీధికెక్కింది. దేవకమ్మ తక్కువ తినలేదు. ఐదోరోజు దొంగను పట్టుకుందామని పొద్దున్నే గడ్డివామి చాటున కూర్చుంది.

వచ్చినవాడు ఆదిమూలం. ఆవు మెడ పలుపును కలిపి ఉంచే చిన్న కొయ్య చీలను అటూ ఇటూ తిప్పి చూశాడు. గుంజకు కట్టిన పలుపును పట్టుకుని ఒళ్లంతా వెనక్కి వాల్చి పది లెక్కపెట్టాడు. చీల కదల్లేదు. అప్పుడు చీలకు తోకలా వేలాడే చిన్న తాడును ఒక్క వేలితో లాగాడు. చీల టక్కున జారింది, ఆదిమూలం వెళ్లి పేడలో చతికిలపడ్డాడు. పేడలో కూర్చునే చంటిబిడ్డలా నవ్వుకున్నాడు. ఆవు తన దారిన గుమ్మడిపాదుకు వెళ్లిపోయింది.

దేవకమ్మకు నోటిదాకా వచ్చింది తిట్టు. కానీ మాటల్లేవు కదా! గట్టిగా దగ్గింది. ఆదిమూలం పంచె ఎగ్గట్టుకుని, ఆ వయసులో దడి దూకి పారిపోయాడు.

మరునాటికి దొర పడవ తెరచాపకు ఆవు పలుపు చీల లాంటిదే వచ్చి కూర్చుంది. చింతకొయ్యతో చెక్కి, నూనె పట్టించిన చీల. సరస్సు ఒడ్డంతా నవ్వింది. "దొర పడవకు మన ఆదిమూలం ఆవుమెడ సామాను కట్టినాడప్పా!" అని చెప్పుకున్నారు. మునస్వామికి తల కొట్టేసినట్టయింది. ఇది పందెం మధ్యలో జారిపోతే ఎట్లా అని దిగులు కూడా పట్టుకుంది.

పందేనికి ముందురోజు మధ్యాహ్నం దేవకమ్మ కొడుక్కి సద్ది తీసుకుని ఒడ్డుకు వెళ్లింది. మునస్వామి పడవలో కూర్చుని, చీల జారకుండా దానిమీద ఇనుప తీగ చుడుతున్నాడు. అప్పుడే అటుగా వచ్చిన ఆదిమూలం అది చూశాడు. ఎన్నడూ గొంతెత్తని మనిషి ఎగిరి పడవలోకి దూకి, వాడి చెంప ఛెళ్లుమనిపించాడు.

"ఇదే తీగ! ఇట్లే చుట్టినాడు మీ నాయన కూడా..."

దేవకమ్మ కనబడగానే మాట మింగేశాడు.

ఆమె సద్దిచట్టి ఇసకలో పెట్టింది. పదిహేనేళ్లలో మొదటిసారి ఆవుతో కాకుండా ఆయనతోనే మాట్లాడింది.

"ఏం తీగ బావా?"

ఆదిమూలం నడుముకు కట్టుకునే తోలుసంచి విప్పి, అడుగునుంచి ముక్క తీశాడు. తుప్పు పట్టి, వంకరపోయిన బెత్తెడు తీగ.

"పోయేదానికి ముందటేడు పందెంలో కొక్కెం జారి ఓడిపోయినాడు గదమ్మా చెంగయ్య. ఆ తూరి పందెంలో జారగూడదని నాకు సెప్పకుండా తీగ చుట్టేసినాడు. గాలి తిరగబడితే తెరచాప దించాల. కొక్కెం లాగితే దిగుతాది. తీగ ఉండాది, యాడ దిగుతాది? పడవ దొరికినప్పుడు ముందు సూసినోణ్ణి నేనే. తీగ కోసేసి దాచుకున్నా, కొక్కెమే ఊడిందని అందరూ అనుకున్నారు."

దేవకమ్మకు మొగుడి వేళ్లు గుర్తొచ్చాయి. శవానికి స్నానం చేయించేటప్పుడు పదివేళ్లూ కోసుకుపోయి ఉన్నాయి. వల దారం కోసిందేమో అనుకుంది అప్పుడు. తీగ విప్పుకుందామని ఎంత పెనుగులాడాడో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఇసకలో కూలబడి గుండెలు బాదుకుని ఏడ్చింది. పోయిన మొగుడి మీద జాలీ కోపమూ కలిసి వచ్చాయి. పక్కన నిలబడ్డవాణ్ణి పదిహేనేళ్లు ఎట్లా కాల్చుకు తిన్నానా అని సిగ్గూ వచ్చింది.

"ఆ పొద్దే ఎందుకు సెప్పలేదు బావా?"

"సెప్తే నీకు వాడి మీద కోపమొస్తాది. సచ్చిపోయినోడి మీద కోపమొస్తే దాన్ని యాడ పెట్టుకుంటావు తల్లీ? నేనైతే ఎదురింట్లోనే ఉండాను. రోజూ తిట్టుకోవచ్చు గదా అనుకున్నా."

"మరి వేలాడేది?"

"వాడు పోయినాక నాకు దేని మీదా నమ్మకం లేకపోయిందమ్మా. పసిబిడ్డల ఉయ్యాలకైతే పట్టుకుంటాదా అని సూస్తా. పడవకైతే పట్టుకుంటే సాలదు. లాగినప్పుడు వదలాల."

మునస్వామి చెంప తడుముకుంటూనే చీల మీది తీగ విప్పేశాడు. దేవకమ్మ లేచి ముఖం తుడుచుకుంది. కొడుకును పందేనికి వద్దంటుందనుకున్నారు ఇద్దరూ. ఆమె పడవ ఎక్కి, తెరచాప పైకి లాగించింది. తాడు రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలి, పైకే లెక్కపెట్టింది. పది అయ్యాక తోక తాడు లాగింది. తెరచాప జర్రున దిగి ముగ్గురి నెత్తిమీదా పడింది.

"జారతాది" అంది గుడ్డ కిందనుంచి. "పోయి రా నాయనా."

మర్నాడు పదకొండు పడవలు బయల్దేరాయి. సగం సరస్సు దాకా దొర పడవే ముందు. ఒడ్డున దేవకమ్మ బావ పక్కనే నిలబడి, చేతిలో పాత తీగ ముక్క పట్టుకుంది. ఉన్నట్టుండి గాలి తిరగబడింది. నీళ్లు నల్లబడ్డాయి. ముందుపడవ ఒక పక్కకు ఒరిగింది, ఇంకా ఒరిగింది. దేవకమ్మ కళ్లు మూసుకుంది.

"సూడమ్మా, దేవకమ్మా, సూడు! దిగింది!" అని ఆదిమూలం చిన్నపిల్లాడిలా అరిచాడు.

కళ్లు తెరిచేసరికి తెరచాప లేదు. పడవ నీళ్లమీద బాతులా కూర్చుని ఉంది. రెండు పడవలు బోల్తాపడ్డాయి, అక్కడ లోతు తక్కువ కాబట్టి మనుషులు దక్కారు. మునస్వామి గాలి పోయేదాకా ఆగి, తెడ్డు వేసుకుంటూ అందరికంటే చివర ఒడ్డుకు చేరాడు.

"ఓడిపోయినానమ్మా" అన్నాడు, మొహం వేలాడేసుకుని.

దేవకమ్మ వాడి పదివేళ్లూ ఒక్కొక్కటే తడిమి చూసింది. "ఓడిపోతే పోయినావు. రా, కూడు తిందువు. బావా, నువ్వూ రా."

పదిహేనేళ్ల తర్వాత ఆదిమూలం తమ్ముడింట్లో విస్తరి ముందు కూర్చున్నాడు. సంగటి ముద్ద పడింది, పులుసు పడింది. ఆయన చెయ్యి మాత్రం కదల్లేదు. చూపు దూలానికి వేలాడే ఉట్టి మీద ఉంది.

దేవకమ్మ చూసింది. "సూడు బావా. సూసేసి కూసో. సంగటి చల్లారిపోతాది."

అనుమతి దొరికిందే చాలు, ఆదిమూలం లేచి ఉట్టి కొక్కెం పట్టుకుని మోకాళ్లు ముడిచాడు. "ఒకటి" అన్నాడు. "రెండు" అన్నాడు. మూడు అనకముందే కొక్కెమూ, ఉట్టీ, మజ్జిగ కుండా, ఆదిమూలమూ కలిసి నేలమీదికి వచ్చాయి.

కుండ పెంకుల మధ్య మజ్జిగ కారుతూ కూర్చున్న బావను చూసి దేవకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అది మీ తమ్ముడు కొట్టిన కొక్కెమే బావా."

ఆదిమూలం కళ్లమీది మజ్జిగ తుడుచుకుని, చేతిలో మిగిలిన కొక్కేన్ని ఎగాదిగా చూశాడు.

"తెలస్తానే ఉండాది లేమ్మా."

దేవకమ్మ కొంగు జారిపోయేలా నవ్వింది. ఆ ఇంట్లో చెంగయ్యను తలుచుకుని నవ్వడం అదే మొదలు.