కడసారి మాట నేను మార్చను

చిన్నోడా, నువ్వు పోయినావని నేనే రాయాల్సి వచ్చింది.

అయ్యలారా, అమ్మలారా, నంద్యాలలో ఉపదేశులకు బైబిలు పాఠాలు చెప్పిన నా కొడుకు విషజ్వరంతో ప్రభువునందు నిద్రించాడు. సంఘపెద్దలు ఆ మాట గుళ్లో చదవలేదు. అందుకని ఆళ్లగడ్డ నుంచి నేను రాస్తున్నాను. నాది మూడో తరగతి చదువు. తప్పులుంటే సర్దుకోండి.

వాడు పాఠం చెప్పేటప్పుడు ఎవరైనా ప్రశ్న అడిగితే, కూర్చున్నవాడు లేచి నిలబడి బదులు చెప్పేవాడు. ఎందుకురా అంటే, "అడిగినోడు పెద్దోడు మా" అనేవాడు.

కిందటేడు ఎవరో దొర ఒక పుస్తకం ఇచ్చిపోయాడు. అమెరికాలో పుట్టిన మోర్మోను మతం వాళ్లది. దేవదూత చోటు చూపిస్తే, ఒక పడుచువాడు కొండలో పూడ్చిన బంగారు రేకులు తీశాడనీ, ఆ రేకుల మీది రాతే ఈ పుస్తకమనీ వాళ్ల నమ్మకం. మన పిల్లలు కొందరు దాని గురించే మాట్లాడుతుంటే, పెద్దలు నా కొడుకును మన గుడికి పిలిపించి పాఠం చెప్పమన్నారు. ఆ రోజు నేనూ వెనక చాప మీద కూర్చున్నాను.

"ఆ రేకులు ఇప్పుడు యాడుండాయి? దేవదూత మళ్లా తీసకపోయినాడంట. చూసినోళ్లు ఎవురు? వాళ్ల మాట ఎట్ల నమ్మల్ల?" అని ఒక్కొక్కటే అడిగాడు. పెద్దలు తొడలు చరుచుకుని నవ్వారు.

వాడు నవ్వలేదు. "నగేదానికి కాదన్నా. వాళ్లూ దేవుని కోసరం ఏడ్చేటోళ్లే. ఇవే ప్రశ్నలు రేపు మన పుస్తకాన్నీ అడగల్ల. నిజమైతే తట్టుకుంటాది" అన్నాడు.

పెద్దలు వారం తిరక్కుండా నంద్యాలలో వాడి పాఠాలు మాన్పించారు. తప్పయిందని ఒక్క మాట చెప్పమన్నారు. చెప్పలేదు. పొద్దుటి ప్రార్థనా మానలేదు, ప్రశ్నలూ మానలేదు. ఇంటికొచ్చి నాతోపాటు శనక్కాయలు ఒలుస్తూ, "అడిగితే అలిగేటోడు దేవుడెట్లైతాడు మా?" అనేవాడు.

మా సంఘంలో ఒక వాడుక ఉంది. జ్ఞాపకార్థ కూటంలో అన్నాలకు ముందు, పోయినవాళ్ల కడసారి మాట ఇంటివాళ్లు లేచి చెప్పాలి. దాని కోసమే నిన్న సంఘపెద్ద వచ్చాడు.

"అక్కా, పొయ్యేముందు పశ్చాత్తాపపడినాడని చెప్పు. అందరమూ వస్తాం. ల్యాకుంటే మీ ఇంట్లో మెతుకు ముట్టం."

"పశ్చాత్తాపపడింది ఎవురు చూసినారప్పా?"

"పక్కన ఉండింది నువ్వే కదా?"

"నేనే. ఆసుపత్రిలో గంజి తాపుతాంటే, 'ఉప్పెయ్యడం మర్సినావు మా' అని నవ్వినాడు. మళ్లా మాట్లాడల్యా. అదే చెప్తా."

"ఉప్పు మాట సాక్ష్యమైతాదా అక్కా?"

"అది వాని మాట. నీకు కావాల్సిన మాట నేను వాని నోట్లో పెట్టను. బతికుండంగా మీరే పెట్టల్యాకపోతిరి."

కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

వచ్చే ఆదివారం కూటం. గుడి ఇవ్వకపోతే మా వాకిట్లోనే. నా కొడుకు మాట ఉన్నదున్నట్టు లేచి చెబుతాను. కొర్రన్నం, కోడికూర వండిస్తాను. రామని చెప్పిన పెద్దలకు కూడా చాపలు పరిచే ఉంచుతాను. ఖాళీగా ఉంటే ఉండనీ. మీరు మాత్రం రండి. మొహమాటపడకుండా బాగా తినండి.