గోడమీది పాస్‌వర్డ్

ఆ మూడంతస్తుల బిల్డింగులో టైలరమ్మను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ముసలివాళ్లకూ పిల్లలకూ కూడా ఆవిడ వదినే. కింద వాటాలో, మెట్ల పక్క గదిలో, పొద్దస్తమానం మెషీను ముందే కూర్చుంటుంది కాబట్టి ఎవరి పార్సిలు వచ్చినా ఆవిడే అందుకునేది. అందుకునేది ఎలాగూ వదినే కదా అని కొన్నాళ్లకు ఆన్‌లైన్ ఆర్డర్లు కూడా ఆవిడ షాపింగ్ అకౌంటులోంచే పెట్టసాగారు. చెప్పులు, బకెట్లు, పసిపిల్లల డైపర్లు, అన్నిటికీ ఒకటే అకౌంటు. అడిగినవాళ్లకల్లా పాస్‌వర్డ్ చెప్పలేక, మెషీను వెనక గోడమీద సుద్దముక్కతో రాసి పడేసింది. వాడుకున్నవాళ్లు డబ్బు తెచ్చి చేతిలో పెట్టేవాళ్లు. ఒక్కరూ ఎగ్గొట్టలేదు.

గుడ్డ అంచులు పోగులూడకుండా కుట్టే ఓవర్‌లాక్ మెషీను కాలిపోయాక, కొత్తదానికోసం వదిన ఆ అకౌంటులోనే కొద్దికొద్దిగా డబ్బు వేస్తూ వచ్చింది. ఆసుపత్రి కోట్లు కుట్టే పని చేతికొచ్చింది. అంచులు ఓవర్‌లాక్ చెయ్యకపోతే వాళ్లు తీసుకోరు. తీరా మెషీను కొందామని ఫోను తెరిస్తే అకౌంటు ఖాళీ. ఎవడో దూరి, ఉన్నదంతా పెట్టి గిఫ్టు కార్డులు కొనేశాడు. గిఫ్టు కార్డంటే వస్తువు కాదు, వట్టి నంబరు. వాడేసుకున్నాక వెతకడం గాలిని మూటగట్టడమే.

"గోడమీద రాసిపెట్టి దొంగెవడని అడుగుతావేమిటే?" అంది మంచం మీంచి అత్తగారు. "పాలగిన్నెకు మూతపెట్టవు, పిల్లిని తిడతావు!"

కంపెనీకి ఫోను చేస్తే ముందు పాట వినిపించారు. అది అయ్యాక ఇంకో పాట. చివరికి ఓ అబ్బాయి పలికాడు.

"మీ పాస్‌వర్డ్ ఇంకెవరికైనా తెలుసా మేడమ్?"

"ఎందుకు బాబూ?"

"తెలిస్తే చెప్పండి మేడమ్. వివరాలుంటే మీ కంప్లైంటు కదులుతుంది."

అత్తగారు వేలు పైకి చూపించింది. మేడమీది గదిలో నర్సు పిల్ల ఉంటుంది. ఒక్కతే. వెనక అడిగేవాళ్లెవరూ లేరు.

"దాని పేరు చెప్పవే," అంది గుసగుసగా.

ఆ పిల్ల కాదని వదినకు తెలుసు. తెలిసే చెప్పింది. ఇంటి ఓనర్ల పేరు చెబితే ఇల్లు పోతుంది. పక్కవాటావాళ్ల పేరు చెబితే గిరాకీ పోతుంది. నర్సు పిల్ల పేరు చెబితే ఏమీ పోదు. భయపడ్డ మనిషికి దొంగ ఎవరన్నది పట్టదు, చవగ్గా ఎవరు దొరుకుతారన్నదే పడుతుంది. పేరూ ఇచ్చింది, ఫోన్ నంబరూ ఇచ్చింది.

జవాబు మెసేజీగా వచ్చింది. మరొకరు మీకు తెలిసే అకౌంటు వాడుతున్నట్టు మీరే ఒప్పుకున్నారు, కాబట్టి డబ్బు తిరిగి ఇవ్వడం కుదరదు. మళ్లీ ఫోను చేస్తే ఈసారి వేరే గొంతు. ఆ గొంతూ అదే మాట చదివింది. మెషీను రాదని తేలాక ఆసుపత్రి మనిషి వచ్చి కోట్ల గుడ్డ వెనక్కి తీసుకుపోయాడు.

అతను అటు వెళ్లాడో లేదో, నర్సు పిల్ల మెట్లు దిగి వచ్చింది.

"వదినా, కంపెనీవాళ్లు నాకు ఫోన్ చేశారు."

వదిన మెషీను ఆపలేదు. ఆడుతున్న సూది కింద గుడ్డే లేదు.

"మీ అకౌంటులో నేను కొన్నది ఒక్కటే. మీ అత్తగారి నడుం నొప్పికి వేడినీళ్ల సంచి. అనుమానం వస్తే నన్నే అడగొచ్చుగా?"

"అనుమానం లేదమ్మా."

"మరి?"

అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది. వదిన కాలు అప్పుడు ఆగింది. ఆ పిల్ల అరవలేదు. అరిచినా బాగుండేది.

"నా డ్యూటీ డ్రెస్సు ఇచ్చేయండి."

"చేతులింకా అతకలేదే..."

"పర్లేదు. నేనే కుట్టుకుంటా."

చేతుల్లేని డ్రెస్సు మడిచి, విడిగా ఉన్న రెండు చేతుల్నీ దాని మీద పెట్టుకుని, కుట్టుకూలి మెషీను మీద ఉంచి వెళ్లిపోయింది.

వదిన గుమ్మందాకా పరిగెత్తింది. పొరపాటైపోయిందమ్మా అందామని నోరు తెరిచింది. పొరపాటు కాదని ఇందాక తన నోటితోనే చెప్పేసింది. పైన గడియ పడింది.